కారులో లైటర్ సాకెట్: ఫ్యూజు పోతుంటే పెద్దది వేయకండి, ఎందుకు పోతోందో చూడండి

సోలాపూర్ నుంచి సిరిసిల్లకు పోయినా, బళ్లారి నుంచి అనంతపురం వెళ్లినా, బరంపురం నుంచి ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం వచ్చినా, మన ఇళ్లలో ఇప్పుడు చాలా ప్రయాణాలు కారులోనే. దారిలో అందరి చెయ్యీ వెళ్లేది గేర్ దగ్గర ఉండే ఒక చిన్న గుండ్రటి సాకెట్ మీదికే. ఫోన్ ఛార్జర్, టైరులో గాలి కొట్టే పంపు, డ్యాష్ కెమెరా, మందుల కూలర్ డబ్బా అన్నీ అందులోనే పెడతాం. అది చాలక వెనక సీటుకు ఇంకొకటి పెట్టిస్తాం. దాని వెనక వైరు ఎలా ఉందో మాత్రం చూడం. మేమూ చూడలేదు.

మా ఇల్లు సోలాపూర్‌లో. రెండేళ్ల కిందట ఎండాకాలంలో సిరిసిల్లలో బంధువుల పెళ్లికి రాత్రిపూట బయలుదేరాం. మా అత్తమ్మ ఇన్సులిన్ తీసుకుంటుంది. మందు చల్లగా ఉండాలని కారులో నడిచే చిన్న కూలర్ డబ్బా కొన్నాం. అది అత్తమ్మ దగ్గరే ఉండాలి కాబట్టి, ఒక దుకాణంలో వెనక సీటుకు సాకెట్ పెట్టించాం. వారంలోనే ఫ్యూజు రెండుసార్లు పోయింది. మళ్లీ దుకాణానికి వెళ్తే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు తీసి, 30 ఆంపియర్ల ఆకుపచ్చది వేసి, ఇక పోదని చెప్పారు. నిజంగానే పోలేదు.

హుమనాబాద్ దాటాక, కాళ్లు చాపుకోవడానికి ముందు సీటును కాస్త వెనక్కి జరిపాం. కొద్దిసేపటికే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. కార్పెట్ కింద నుంచి పొగ లేచింది. కూలర్ పిన్ను లాగేశాం, పొగ ఆగలేదు. కారు పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, పిల్లలను, అత్తమ్మను దించాం. పది నంబరు స్పానర్ డాష్ బోర్డు అరలోనే ఉండటం మా అదృష్టం. బానెట్ తీసి బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీశాకే పొగ తగ్గింది. కార్పెట్ జానెడు మేర కరిగిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు.

మరునాడు మెకానిక్ కార్పెట్ లేపి చూపించాడు. వెనక సాకెట్‌కు వేసిన సన్నటి వైరు సీటు జరిగే పట్టా మీదుగా పోయింది. సీటు జరిపినప్పుడల్లా పట్టా అంచు వైరు తొడుగును కోసింది. లోపలి రాగి కారు బాడీకి తగిలింది. మొదటి రెండుసార్లు ఫ్యూజు పోయింది అందుకే. ఫ్యూజు తన పని తాను చేసింది, మాకు అర్థం కాలేదు. పెద్ద ఫ్యూజు వేయడంతో ఆ కాపలా తీసేసినట్టయింది.

అప్పటి నుంచి మేము చదివి, అడిగి, చేసి తెలుసుకున్నది మన ఇళ్లవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

సాకెట్ లోపల ఏముంది?

ఈ సాకెట్ మొదట సిగరెట్ ముట్టించుకోవడానికి వచ్చింది. లోపల సుమారు 21 మిల్లీమీటర్ల వెడల్పున్న లోహపు గొట్టం ఉంటుంది. అడుగున మధ్యలో ఒక బొడిపె ఉంటుంది. ఆ బొడిపె పాజిటివ్, గొట్టం నెగటివ్. నెగటివ్‌నే మెకానిక్‌లు ఎర్తు అంటారు. కారు ఇనుప బాడీ మొత్తం బ్యాటరీ నెగటివ్‌కు కలిపి ఉంటుంది కాబట్టి, పాజిటివ్ వైరు బాడీలో ఎక్కడ తగిలినా షార్టే.

ఇప్పటి కార్లలో చాలావాటికి ఛార్జింగ్ కోసం మాత్రమే ఇచ్చే సాకెట్లు ఉంటాయి. మూత మీద 12 వోల్టులు, 120 వాట్లు అని రాసి ఉంటుంది. చూడటానికి ఒకేలా ఉన్నా, వాటిలో ఎర్రగా కాలే పాత లైటర్‌ను పెట్టకూడదు. ఆ వేడిని తట్టుకునేలా, వేడెక్కిన లైటర్‌ను వెనక్కి వదిలేలా వాటిని తయారు చేయలేదు.

వాడనప్పుడు మూత పెట్టి ఉంచండి. టోల్ దగ్గర చేయి జారిన చిల్లర నాణెం అందులో పడితే బొడిపెనూ గొట్టాన్నీ కలిపేస్తుంది. ఫ్యూజు సరైనదైతే అది పోయి ఊరుకుంటుంది. లేకపోతే నాణెం కాలిపోయేంత వేడెక్కుతుంది.

ఫ్యూజు ఉన్నది వైరు కోసం

చాలామంది ఫ్యూజు మన ఫోన్‌నో కూలర్‌నో కాపాడుతుందనుకుంటారు. అసలు కాపాడేది వైరును. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పోతే, వైరు కాలే లోపే ఫ్యూజు తెగాలి. అంటే ఆ దారిలో అన్నిటికన్నా ముందు తెగిపోయేది ఫ్యూజే కావాలి. పెద్ద ఫ్యూజు వేస్తే ముందు కాలేది వైరు అవుతుంది. ఫ్యూజు ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. వైరు కార్పెట్ కింద, సీటు నురుగు పక్కన ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 30 ఆంపియర్ల ఫ్యూజు 31 రాగానే తెగదు. దాని అంకెకు మూడో వంతు ఎక్కువ కరెంటు పోతున్నా కొన్ని నిమిషాల దాకా నిలబడగలదు. రెట్టింపైతే కొన్ని సెకన్లలో పోతుంది. మా కారులో వైరు అంచుకు అంటీ అంటనట్టు తగిలింది. సన్నటి వైరు పొగ రావడానికి ఆ కొద్దిసేపు చాలు.

ఫ్యూజు రంగులు గుర్తుపెట్టుకుంటే చాలా మేలు. 5 ఆంపియర్లది లేత గోధుమ రంగు, 7.5 ముదురు గోధుమ రంగు, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 25 తెల్లగా పారదర్శకం, 30 ఆకుపచ్చ. లైటర్ సాకెట్‌కు ఎన్ని ఆంపియర్లో కారు పుస్తకంలోనూ, ఫ్యూజు పెట్టె మూత లోపలా ఉంటుంది. ఎక్కువ కార్లలో 10, 15 లేదా 20. పోయిన రంగే మళ్లీ వేయాలి. అదీ పోతే, వైరులోనో పరికరంలోనో తప్పుందని అర్థం. రేకు ముక్క, తీగ ముక్క ఎప్పుడూ పెట్టకూడదు.

ఏది ఎంత లాగుతుంది?

లెక్క సులువు. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 120 వాట్ల సాకెట్ అంటే 10 ఆంపియర్లు. ఫోన్‌ను త్వరగా నింపే 36 వాట్ల ఛార్జర్ 3 ఆంపియర్లు తీసుకుంటుంది. 48 నుంచి 60 వాట్ల కూలర్ డబ్బా 4 నుంచి 5 తీసుకుంటుంది. గాలి పంపుల్లో చాలావి 10 దగ్గర, కొన్ని అంతకన్నా ఎక్కువ లాగుతాయి. 150 వాట్ల ఇన్వర్టర్‌ను పూర్తిగా వాడితే 12.5 ఆంపియర్లు, దానిలో వృథా అయ్యేది కలిపితే 14 దాటుతుంది. అంటే 10 ఆంపియర్ల సాకెట్‌కు అది తగదు.

ఒక సాకెట్‌లో పెట్టి మూడు చేసే స్ప్లిటర్లు దొరుకుతాయి. రంధ్రాలు మూడైనా వెనక వైరు ఒకటే, ఫ్యూజు ఒకటే. కూలర్ నడుస్తుండగా పంపు పెడితే రెండూ కలిసి 15 అవుతాయి. పంపు వాడేటప్పుడు మిగతావి తీసేయండి.

పిన్ను వదులుగా ఉంటే కరెంటు తక్కువైనా వేడి పుడుతుంది. అరగంట వాడాక పిన్ను తీసి కొన ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ మెత్తబడినా ఆ పిన్నునో సాకెట్‌నో మార్చాలి.

వైరు ఎంత మందం?

మన కొట్లలో వైరును చదరపు మిల్లీమీటర్లలో అమ్ముతారు: 0.5, 0.75, 1, 1.5, 2.5, 4. బ్యాటరీ నుంచి వెనక సీటుకు పోను 4 మీటర్లు, రాను 4 మీటర్లు, మొత్తం 8 మీటర్ల రాగి వైరు అనుకుందాం. అందులో 10 ఆంపియర్లు పోతే, 0.5 వైరులో దాదాపు 2.8 వోల్టులు దారిలోనే పోతాయి. 28 వాట్ల వేడి ఆ వైరులోనే పుడుతుంది. పన్నెండు బయలుదేరి తొమ్మిది చేరితే పంపు మూలుగుతుంది, కూలర్ చల్లబరచదు. 1.5 వైరులో పోయేది 0.9 వోల్టు, 2.5 వైరులో అర వోల్టుకు కాస్త పైన.

అందుకే వెనక సాకెట్‌కు 10 ఆంపియర్ల ఫ్యూజు అయితే 1.5 వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు అయితే 2.5 వైరు వేయిస్తే మంచిది. సాకెట్ కూడా అన్ని ఆంపియర్లకు తయారైందే కావాలి. వైరు, సాకెట్ ఈ రెండింటిలో ఏది తక్కువ మోస్తుందో ఫ్యూజు దానికి మించకూడదు.

వైరు లోపల సన్నటి పోగులు చాలా ఉండాలి. ఒకే లావు తీగ ఉన్నది ఇంటి గోడకు బాగుంటుంది కానీ, కారు అదురుడుకు విరుగుతుంది. వేడిని తట్టుకునే వాహనాల వైరు అని అడిగి తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా అమ్ముతారు. అదే మందంలో అది రాగి అంత మోయదు.

కొత్త సాకెట్ పెట్టించే పద్ధతి

ముందున్న లైటర్ వైరుకు కోత పెట్టి అక్కడి నుంచి వెనక్కి లాగడం అందరూ చేసే సులువు పని. కంపెనీ ఆ వైరును ఒక్క సాకెట్‌కు వేసింది. రెండో సాకెట్ బరువు దాని మీద మోపకూడదు. పైగా వైరింగ్ కోసిన కారుకు విద్యుత్ సమస్య వస్తే కంపెనీ వారంటీ నిరాకరించవచ్చు.

ఎక్కువ లాగే సాకెట్‌కు బ్యాటరీ నుంచి విడి వైరే సరైన దారి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయాలి, చివర్లో బిగించాలి. పాజిటివ్ దగ్గర మొదలైన వైరుకు జానెడు దూరం లోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు సాకెట్ పక్కన పెడితే, బ్యాటరీకీ దానికీ మధ్య ఉన్న వైరంతా కాపలా లేకుండా మిగిలిపోతుంది. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే చోట ఇనుప రేకు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. తలుపు కింది ప్లాస్టిక్ పట్టీల లోపల నుంచి వైరును నడిపించి, జానెడుకొక టై కట్టాలి. సీటు పట్టా, పెడల్స్, హ్యాండ్ బ్రేక్ దగ్గరికి పోనివ్వకూడదు.

ముందు సీటు కింద, తలుపు స్తంభాల్లో పసుపు రంగు తొడుగు, పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని కదపకూడదు, వాటిమీద టెస్ట్ బల్బు పెట్టకూడదు.

ఎర్తు వైరును పెయింటు గీకి, శుభ్రమైన ఇనుము మీద రింగు కొనతో బోల్టు బిగించాలి. ఆ బోల్టు సీటు బెల్టుదో ఎయిర్‌బ్యాగ్‌దో కాకూడదు. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం మన దగ్గర మామూలే. మే నెల ఎండలో నిలిపిన కారులో ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. కనెక్టర్‌ను సరైన పట్టకారుతో నొక్కి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది.

డ్యాష్ కెమెరా, ఫోన్ ఛార్జర్ లాంటి చిన్నవాటికి అంత పని అక్కర్లేదు. ఉన్న ఫ్యూజు తీసి ఆ గాడిలో పెట్టే ఫ్యూజు ట్యాప్ దొరుకుతుంది. అందులో రెండు ఫ్యూజులు ఉంటాయి: ఒకటి పాత దారికి, ఒకటి కొత్త దారికి. ట్యాప్‌ను తిరగేసి పెట్టకూడదు. ఫ్యూజు తీశాక గాడిలో ఏ వైపు కరెంటు ఉందో మల్టీమీటర్‌తో చూసి, ట్యాప్‌తో వచ్చిన కాగితంలో చెప్పినట్టే పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్, బ్రేకు, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి పోవద్దు.

తాళం తీశాక కరెంటు ఉండాలా?

కొన్ని సాకెట్లకు తాళం తిప్పితేనే, అంటే ఏసీసీలో పెడితేనే కరెంటు వస్తుంది. కొన్నిటికి ఎప్పుడూ ఉంటుంది. బ్యాటరీ నుంచి నేరుగా వేయిస్తే ఎప్పుడూ ఉండేదే అవుతుంది. చిన్న కార్లలో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ చాలా మామూలు. అందులో సగం వాడుకున్నామనుకుంటే, 4 ఆంపియర్ల కూలర్ నాలుగు గంటలకు కాస్త పైన దాన్ని తినేస్తుంది. పెళ్లి మండపం దగ్గర కారు ఆపి కూలర్ వదిలేస్తే, అప్పగింతల వేళకు కారు స్టార్ట్ కాదు.

దీనికి రిలే మందు. నాలుగు కాళ్ల రిలే మీద అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన వైరు, 87 నుంచి సాకెట్‌కు, 86కి ఏసీసీ నుంచి చిన్న ఫ్యూజుతో సన్న వైరు, 85కి ఎర్తు. తాళం తిప్పితే రిలే కలుపుతుంది, తీస్తే విడదీస్తుంది. ఏసీసీ వైరు మీద పడేది రిలే తీసుకునే కొద్దిపాటి కరెంటే.

సీఎన్‌జీ కారు, లారీ ఉన్నవాళ్లకు

ముంబై, పుణె వైపు మనవాళ్ల కార్లు చాలా సీఎన్‌జీవి. సిలిండర్ ఉన్న డిక్కీలో సాకెట్, రిలే పెట్టించవద్దు. పిన్ను పెట్టినప్పుడు, తీసినప్పుడు, రిలే కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వ పుడుతుంది. గ్యాసు ఏ కాస్త లీకైనా అది చాలు.

లారీలు, పెద్ద బస్సుల్లో 24 వోల్టులు. పరికరం మీద 12-24 అని ఉంటేనే అందులో పెట్టాలి. కారు పంపు తీసుకెళ్లి లారీలో పెడితే కాలిపోతుంది.

సాకెట్ పని చేయకపోతే

ముందు ఇంకో ఛార్జర్ పెట్టి చూడండి. చాలా పిన్నుల కొన మర తిప్పితే ఊడి వస్తుంది, లోపల చిన్న గాజు ఫ్యూజు ఉంటుంది. పోయింది అదే కావచ్చు. తర్వాత కారు ఫ్యూజు చూడండి. అది బాగుంటే తాళం ఏసీసీలో పెట్టి, మల్టీమీటర్ ఎర్ర మొన మధ్య బొడిపెకు, నల్ల మొన గొట్టానికి ఆనించండి. ఇంజిన్ ఆగి ఉంటే 12 పైన, నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. ఏమీ చూపకపోతే నల్ల మొనను కారు బాడీకి ఆనించి చూడండి. అప్పుడు చూపితే ఎర్తు వదులైందని తెలుస్తుంది. లోపల వేలు, స్క్రూడ్రైవర్ పెట్టి కెలకొద్దు.

దుకాణంలో అడగాల్సిన ఐదు మాటలు

మన వాళ్లు సోలాపూర్‌లో మరాఠీలో, హోసూరులో తమిళంలో, బళ్లారిలో కన్నడంలో, బరంపురంలో ఒడియాలో మెకానిక్‌తో మాట్లాడతారు. భాష ఏదైనా ఫ్యూజు, వైరు, రిలే, ఎర్తు అనే మాటలు అన్నిచోట్లా అవే. కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు.

ఒకటి, వైరు ఎక్కడి నుంచి తీస్తున్నారు? రెండు, ఫ్యూజు ఎక్కడ పెడుతున్నారు, ఎన్ని ఆంపియర్లు? మూడు, వైరు ఎంత మందం, రాగిదేనా? నాలుగు, ఏ దారిలో పోతుంది, సీటు పట్టా దగ్గర ఏముంది? ఐదు, ఎర్తు ఎక్కడ బిగిస్తున్నారు? పట్టీలు మూయక ముందే చూపించమనండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. జవాబు చెప్పని చోట పని చేయించవద్దు.

ఇప్పటికే వెనక సాకెట్ ఉన్న కారైతే, వచ్చే ప్రయాణానికి ముందు రెండు పనులు చేయండి. ఫ్యూజు పెట్టె తెరిచి లైటర్ ఫ్యూజు రంగు మూత మీది అంకెతో సరిపోతుందో లేదో చూడండి. ముందు సీట్లను పూర్తిగా ముందుకీ వెనక్కీ జరిపి, కింద వైరు కనిపిస్తోందేమో టార్చి వేసి చూడండి. పది నిమిషాలు చాలు.

దారిలో కాలిన వాసన వస్తే పిన్ను కోసం వెతకొద్దు. కారు ఆపండి, తాళం తీయండి, మనుషులను దించండి. పొగ మాత్రమే ఉండి, బ్యాటరీ దగ్గర వేడి లేకపోతే నెగటివ్ ఊడదీయండి. మంట కనిపిస్తే బానెట్ తెరవకుండా దూరంగా వెళ్లి 112కు ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద 1033 కూడా ఉంది.

మా కారులో ఇప్పుడు బ్యాటరీ నుంచి విడి వైరు, జానెడు లోపే ఎర్ర ఫ్యూజు, రిలే ఉన్నాయి. అత్తమ్మ ఇన్సులిన్ డబ్బా వెనక సీటులోనే నడుస్తోంది. పోయిన సంక్రాంతికి ఊరు వెళ్తుండగా ఫ్యూజు ఒకసారి పోయింది. ఈసారి పెద్దది వేయలేదు. వెతికితే కూలర్ పిన్ను తీగ మెడ దగ్గర చిట్లి కనిపించింది. పిన్ను మార్చి, మళ్లీ అదే ఎర్ర ఫ్యూజు వేసి బయలుదేరాం.